నల్లకాగితం కింద పేరు

న్యాయశాఖ మంత్రి పదకొండింటికి వస్తుంది, ఇప్పుడు పదీ అయిదు. బల్ల మీద నలభై మూడు ఫైళ్లుంటే నలభై చదివేసి, నలభై ఒకటో దాని దగ్గర ఆగిపోయాడు ఆబెల్ సర్మెంతు. కళ్లజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు, లేచి కిటికీ దాకా వెళ్లాడు, అక్కడ చేయాల్సిన పనేమీ లేక తిరిగొచ్చి కూర్చున్నాడు. బయట లిస్బన్‌లోని బెలెం పేటలో పొద్దుటి నుంచీ ముసురు, నది ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. పక్కవీధి మిఠాయి కొట్టు ముందు గొడుగుల వరుస ట్రాము పట్టాల దాకా వచ్చేసింది, డిసెంబరు పండగ మూడు రోజుల్లోకి వస్తే లిస్బన్‌లో ఎవరికీ ఇంట్లో వండినవి చాలవు. మేడ మీద ఆకుపచ్చ జెండా తడిసి కొయ్యకి అంటుకుపోయి ఉంటుంది, అధ్యక్షుడు లోపల ఉన్నాడని ఊరికి చెప్పే జెండా అది, ఉన్నాడు సరే, ఏం చేస్తున్నాడో మాత్రం అది చెప్పదు. పొద్దున కాఫీ దగ్గర భార్య గ్రాసిందా అంది, "ఏమయ్యా ప్రెసిడెంటూ, ఇవాళ నీ మొహం పరీక్ష రాయబోయే పిల్లాడిలా ఉందేం?" అని. నలభై ఏళ్లుగా ఆవిడకి ఆయన మొహం చదవడమే పని, రాజ్యాంగంలో ఎక్కడా లేని అధికారం అది, దాన్ని ఏ న్యాయస్థానమూ కొట్టేయలేదు.

ఉన్న అధికారాలన్నీ ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టి ఏడిపిస్తుంది. మూడు సేనలకీ అధిపతివి, వంటింట్లో బొద్దింకని చూస్తే కుర్చీ ఎక్కుతావు. చట్టం నచ్చకపోతే ఇరవై రోజుల్లో తిప్పి పంపిస్తావు, సభలోవాళ్లు సగాని కంటే ఒక్క చెయ్యి ఎక్కువ ఎత్తి మళ్లీ నీ బల్ల మీదే పడేస్తారు, ఎనిమిది రోజుల్లో నోరు మూసుకుని సంతకం పెడతావు. నిజమే, అద్దె ఇళ్ల చట్టం అలాగే వచ్చింది, అలాగే సంతకం పెట్టాడు, ఆ రాత్రి ఆవిడ ప్రత్యేకంగా కోడిపులావు చేసి "ఓడిపోయినవాళ్లకి" అని వడ్డించింది. దేశం దాటాలంటే సభని అడగాలి, అడక్కుండా దాటితే కుర్చీ ఊడుతుంది. సొంత పని మీద రెండు రోజులు వెళ్లాలన్నా ముందుగా చెప్పి వెళ్లాలి, అందుకే కదా పెళ్లిరోజుకి సరిహద్దు అవతల బదఖోస్ పోయి కారమెల్ బిళ్లలు కొనుక్కుందామంటే సభాపతికి ఉత్తరం రాయాల్సి వచ్చింది, అది పేపర్లో పడి దేశమంతా వాళ్లిద్దరి పళ్ల గురించి ఆరా తీసింది. ఇక సభని రద్దు చేయడం, దాన్ని పేపర్లవాళ్లు అణుబాంబు అంటారు, ఒకసారి అదీ వేశాడు. వేసే ముందు రాజ్యసలహామండలిని కూర్చోబెట్టుకుని ఆరు గంటలు విన్నాడు, వేశాక మూడు రోజులు నిద్రపోయాడు. ఏది చేయాలన్నా ముందు ఎవరినో వినాలి, పక్కన ఎవరో సంతకం పెట్టాలి, ఏదో ఒక గడువు తలుపు దగ్గర నిలబడి ఉంటుంది. ఒంటరిగా ఒక మనిషి చేతిలో దేన్నీ వదలకూడదని రాజ్యాంగం రాసినవాళ్లు అనుకున్నారు, చాలా కాలం ఒకే మనిషి చేతిలో అన్నీ ఉండటం చూసినవాళ్లు మరి. ఇన్ని కట్టుదిట్టాల మధ్య ఒక్క చిన్న వాక్యం మాత్రం ఎలా మిగిలిపోయిందో మిగిలిపోయింది, ప్రభుత్వాన్ని విన్న తర్వాత శిక్షలు క్షమించవచ్చు, తగ్గించవచ్చు అని. దాని పక్కన ఎందుకనీ లేదు, ఎవరికనీ లేదు. ఆ వాక్యం కోసమే ఏటా పండగ ముందు ఈ ఫైళ్లు, ఈ ఎదురుచూపు.

నలభై ఒకటి. పైన జైలు అధికారి నివేదిక. ఖైదీ వయసు డెబ్బై ఒకటి. శిక్ష అయిదున్నరేళ్లు, గడిచింది మూడేళ్లు. ఊపిరితిత్తులు బాగాలేవు, రెండు చేతుల మీదా పాత కాలిన మచ్చలు. సగం శిక్ష పూర్తయ్యాక షరతులతో విడుదలకి అర్హత వచ్చింది, కానీ ఖైదీ ఒప్పుకోలేదు, కాగితం ముందు పెడితే వెనక్కి నెట్టాడు. క్షమాభిక్షకీ దరఖాస్తు పెట్టలేదు, అందుకని అధికారి తానే ప్రతిపాదిస్తున్నాడు, కింద ఒక ఉత్తరం జతచేశాడు. పేరున్న ప్రతిచోటా, ఊరున్న ప్రతిచోటా సన్నటి నల్లకాగితం ముక్క అతికించి ఉంది, కార్యాలయంలో ఫైళ్లు చూసే ఎవులాలియా పని అది, అంచులకి మాత్రమే కాస్త జిగురు రాసి అతికిస్తుంది, ఫైళ్లు తిరిగి మంత్రిత్వ శాఖకి వెళ్లాలి కదా. మూడేళ్ల కింద ఆయనే పెట్టిన పద్ధతి. అధ్యక్షుడికి పేరు తెలియకూడదు, ఊరు తెలియకూడదు, ఫలానావాడని గుర్తు పడితే ఆ ఫైలు ఆ సంవత్సరానికి పక్కన పెట్టేయాలి. పేపర్లన్నీ మెచ్చుకున్నాయి. ఒక బొమ్మలవాడు ఆయన కళ్లకి గంతలు కట్టి చేతికి కలమిచ్చి బొమ్మ వేశాడు, గ్రాసిందా దాన్ని కత్తిరించి ఫ్రిజ్ మీద పెట్టింది. నియమం చాలా శుభ్రమైనది. ఆ నియమం ప్రకారం నలభై ఒకటో ఫైలు ఈ ఏడూ, వచ్చే ఏడూ కూడా పక్కకి పోవాలి, ఆ ముసలాయన ఇంకో రెండున్నరేళ్లు ఆ ఊపిరితిత్తులతో లోపలే ఉండాలి, ఎందుకంటే ఉత్తరం చివరికొచ్చేసరికి ఆబెల్‌కి అతనెవరో తెలిసిపోయింది.

"ప్రెసిడెంటు గారికి. వాడు అడగడు. మొండి వెధవ. అడగనివాడికి ఇవ్వకూడదని ఎక్కడైనా రాసుందా? రాసుంటే ఆ కాగితం నాకు పంపండి, చదువుకుంటా. మా ఆయన పోయింది వీడు పెట్టిన మంటలోనే, ఆ సంగతి మీరు నాకు చెప్పక్కర్లేదు, నేనే మీకు చెబుతున్నా. వాణ్ని నేను తిట్టాలి. మూడేళ్ల తిట్లు కడుపులో పెట్టుకుని కూర్చున్నా. జైలుకెళ్లి తిడదామంటే మధ్యలో అద్దం, పక్కన పోలీసాయన, నాకు నోరు రాదు. మా వంటింట్లో కూర్చోబెట్టి, ఎదురుగా పళ్లెం పెట్టి తిట్టాలి. ఇరవై రెండో తారీకు పొద్దున ఊట దగ్గర చేప కట్టాలి. మూడేళ్లుగా నాది ఒక్కటే దారం, ఊరంతా చూస్తోంది. ఈసారి ఎన్ని దారాలు కట్టమంటారో చెప్పండి." కింద సంతకం ఉన్నచోట నల్లముక్క, చక్కగా, తిన్నగా అతికించి.

పాపం ఎవులాలియా. లిస్బన్‌లో పుట్టి పెరిగిన మనిషి, నానబెట్టి గడ్డకట్టించిన చేపని పెట్టెలో కొనుక్కునే మనిషి, దారం కూడా ఒక పేరేనని ఆవిడకెలా తెలుస్తుంది? పండగ ముందు రాత్రి భోజనానికి దేశంలో ప్రతి ఇంట్లోనూ ఉప్పుచేప గిన్నెలో నానుతుంది, నీళ్లు మార్చి మార్చి రెండు రోజులు. ఆబెల్ పుట్టిన వల్వెర్దలో మాత్రం గిన్నె ఉండదు. ఊరి పైన ఊటనీటి రాతితొట్టి ఉంది, పారే నీళ్లలో ఉప్పు దానంతటదే పోతుంది, ఒక్కో ముక్కకి ఒక్కో దారం కట్టి ఇనపకమ్మీకి వేలాడదీస్తారు, ఏ ఇంటి దారానికి ఆ ఇంటి ఊలు ముడి. సర్మెంతుల వాళ్లది నీలం. ఎవరింట్లో ఎంతమంది తింటున్నారో ఊరంతా తొట్టి దగ్గరే చదివేసుకుంటుంది. ఫ్రాన్సు నుంచి కొడుకు వస్తున్నాడంటే దారాలు పెరుగుతాయి, ఎవరైనా పోతే తగ్గుతాయి, కొత్త దారం కనపడితే పెళ్లి ఎప్పుడని అడుగుతారు. పసుపు ఊలు అన్సెల్ము, అతని భార్య దెవులిందలది. పిల్లలు లేని ఇల్లు అది, ఉండాల్సినవి రెండు దారాలు, కానీ ఎప్పుడూ మూడుండేవి, పక్కింటి ఎర్మీనియుది కూడా అక్కడే. భార్య పోయిన ఏడాది వాడు ఒక్క దారం తీసుకుని తొట్టి దగ్గరికొస్తే దెవులింద ఆ చేప వాడి చేతిలోంచి లాక్కుని పసుపు ముడి వేసేసిందట, "ఒక్క ముక్కకి పొయ్యి వెలిగించేవాడి మొహం చూడండి" అని అందరి ముందూ అరిచిందట. ఇరవై ఏళ్లు మూడు. తర్వాత మూడేళ్లు ఒకటి.

పదీ ఇరవై. ఎర్మీనియు ఊరి బ్యాండులో పెద్దబాకా ఊదేవాడు, అన్సెల్ము డోలు, ఆబెల్ క్లారినెట్, చాలా ఘోరమైన క్లారినెట్. ఆగస్టు ఊరేగింపులో ఎండకి టోపీ కింద చెమట కారుతుంటే ముందున్న కాగితం మీది స్వరాల చుక్కలన్నీ ఈదుకుంటూ పోయేవి, ఎక్కడున్నాడో ఆబెల్‌కి తెలిసేది కాదు. పక్కనే నడుస్తున్న ఎర్మీనియు బాకా ఆపకుండానే కాలితో కాలు తొక్కేవాడు, ఒక తొక్కుకి ఇప్పుడు మొదలుపెట్టు, రెండు తొక్కులకి నోరుమూసుకో. ఆ బూటు మీద ఎప్పుడూ మురికి అచ్చు ఉండేది, అమ్మ తిట్టేది. దెవులింద అప్పటికింకా పెళ్లికాని పిల్ల, వసారా మీంచి వంగి, "చూడండర్రా, లా చదవబోతున్నాడట, ఆబెల్‌కి చదవడం రాదు!" అని కేకేసేది, వీధి వీధంతా నవ్వేది, అన్సెల్ము నవ్వడం మరిచి ఆమెనే చూస్తూ డోలు తప్పు వాయించేవాడు, అలాగే వాళ్ల పెళ్లయింది. లా చదవడానికి కోయింబ్రా వెళ్లే రోజు ఆబెల్ పెట్టె మోసుకుని బస్సు దాకా ఎర్మీనియు వచ్చాడు. చదువుకో, ఊదడం మాత్రం మానకు అన్నాడు. ఆబెల్ రెండో నెలలోనే మానేశాడు. ఆ తర్వాత పాఠాలు చెప్పాడు, పుస్తకాలు రాశాడు, క్షమించే అధికారం మీదే ఒక అధ్యాయం రాశాడు, రాజుల కాలం నుంచి మిగిలిన ఒక్క నగ అని ఏదో గొప్పగా రాశాడు, ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది.

మూడేళ్ల కింద, అక్టోబరు ఆఖరు. వాన పడ్డాక తుప్పలు తగలబెట్టాలి, అది ఊళ్లో అందరికీ తెలుసు, చట్టానికీ తెలుసు. రేపు వాన పడుతుందిలే అనుకుని ఇవాళే వెలిగించడం, అదీ అందరూ చేసే పనే, చెప్పుకోరంతే. ఎర్మీనియు ఆలివ్ కొమ్మలు పోగేసి వెలిగించాడు, మధ్యాహ్నం గాలి తిరిగింది. అన్సెల్ము తడి గోనెసంచి పట్టుకుని ఆర్పడానికి పరుగెత్తాడు, పిలిస్తే వచ్చాడో పిలవకుండానే వచ్చాడో, వెనక్కి రాలేదు. అతన్ని లాగబోయి ఎర్మీనియు చేతులు కాలాయి. మూడో రోజు అధ్యక్షుడు కెమెరాలతో, అధికారులతో, అరువు తెచ్చిన బూట్లతో తన ఊరికి తాను వెళ్లాడు, బూడిదలో నిలబడి దెవులింద చేతులు పట్టుకున్నాడు, ఆవిడ కళ్లలో నీళ్లు లేవు, పైనుంచి కిందికి చూసి, "ఒళ్లు చేశావు ఆబెల్," అంది. అంతే. ఎర్మీనియు ఎలా ఉన్నాడని ఆయన అడగలేదు. ఆసుపత్రి దారిలోనే ఉంది, కారు ఆగలేదు. కేసు నడుస్తోంది, అధ్యక్షుడు న్యాయస్థానాల పనిలో వేలు పెట్టకూడదు, అది ఎంత సరైన మాటో ఆయన పుస్తకాల్లోనే ఉంది. ఎర్మీనియు తప్పంతా ఒప్పేసుకోవడంతో నెల తిరక్కుండానే తీర్పు పేపర్లో మూడు లైన్లు వచ్చింది, అయిదున్నరేళ్లు, అప్పీలు లేదు. అది నవంబరు. డిసెంబరులో వాష్కుని పిలిచాడు, కార్యాలయం మొత్తం చూసుకునే వాష్కుని, ఇకమీదట ఫైళ్లలో పేర్లు కప్పేయండి అన్నాడు.

నవంబరు తర్వాత డిసెంబరు. ఇన్నాళ్లూ ఈ రెండు నెలల్నీ ఆయన పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. సమానత్వం అన్నాడు, పక్షపాతం ఉండకూడదన్నాడు, వాష్కు కళ్లు మెరిశాయి, పేపర్లు రాశాయి. అబద్ధం. భయమేసింది, అంతే. ఒక రోజు ఈ బల్ల మీద ఆ పేరు వస్తుందని, దాన్ని చూసి ఏదో ఒకటి చేయాల్సి వస్తుందని, చేస్తే ఊరివాడికి చేశాడంటారని, చేయకపోతే ఎర్మీనియు ఏమీ అనడని, అదే అన్నిటికంటే కష్టమని. ఒక్క పేరు కనపడకుండా ఉండటానికి దేశంలో అందరి పేర్లకీ నల్లకాగితం వేయించాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, నీలం ఊలువాడు, సేనాధిపతి, దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడు. ఒంటరిగా ఉన్న గదిలో ఆబెల్‌కి చెవులు వేడెక్కాయి. కాలు మీద ఎవరో తొక్కినట్టే అనిపించింది, ఒక్కసారి.

చట్టానికి కళ్లు ఉండకూడదు, అది నిజం. పోలీసు చూడకూడదు, న్యాయమూర్తి చూడకూడదు, అక్కడ ఎర్మీనియు అయినా ఎవరైనా ఒకటే కావాలి, ఆ అయిదున్నరేళ్లు తప్పు కాదు, అన్సెల్ము నిజంగానే చచ్చిపోయాడు. అంతా గుడ్డిగా, సక్రమంగా అయిపోయాక, చిట్టచివర, ఇంకెవరూ మిగలని చోట, ఆ చిన్న వాక్యం పెట్టి ఒక మనిషిని కూర్చోబెట్టారు. మనిషిని. గంతలు కట్టుకోవడానికైతే మనిషి ఎందుకు? తెలిసినవాడిని చూసి దాక్కోవడం ఎంత తప్పో, తెలిసినవాడినొక్కణ్నే చూడటమూ అంతే తప్పు. అయితే ఏం చేయాలి? పదీ ముప్పై అయిదు. ఆబెల్ కాగితాలు కోసే కత్తి తీసుకుని ఒకటో ఫైలు తెరిచి, మొదటి నల్లముక్క అంచు కింద మెల్లగా దూర్చాడు. ఊడొచ్చింది. ఒతీలియా. పొద్దున 'వద్దు' వైపు పెట్టిన ఒకటో నంబరు ఒతీలియా అట, సెతూబల్ దగ్గర చేపల డబ్బాల కార్ఖానాలో పనిచేసేదట, ఊరి పేరు మీది ముక్క కింద దాక్కున్న ఆసుపత్రి పేరు కూడా బయటపడింది, ఆ ఆసుపత్రిలో ఉన్నది ఆవిడ కూతురు. ఆబెల్ ఆ ఫైలు మూయలేదు. రెండు, మూడు, నాలుగు. బల్ల మీద నల్లముక్కలు కుప్పపడ్డాయి, కొన్ని చొక్కా చేతికి అంటుకున్నాయి, జిగురుతో వేళ్లు బంకబంకగా అయ్యాయి. ఒక్కో పేరూ పైకి చదువుతున్నాడు, ఎవరూ లేని గదిలో, మొదట గొణుగుతూ, తర్వాత గొంతెత్తి. పదిహేడో ఆయన పేరు ఆబెల్ తాత పేరే. ముప్పై ఒకటో ఆమె పుట్టింది ఆబెల్ పుట్టిన రోజునే. ఇద్దరిని ఇటు నుంచి అటు మార్చాడు, ఒకరిని అటు నుంచి ఇటు. నలభై ఒకటో దాన్ని మాత్రం చివరికి ఉంచి, దాని ముక్క తీసేటప్పుడు కత్తి వాడలేదు, గోరుతో తీశాడు. ఎర్మీనియు. అక్షరాలు వంకర లేకుండా ఉన్నాయి.

తలుపు కొట్టి వాష్కు వచ్చాడు, వెనకే న్యాయశాఖ మంత్రి ఫిలొమేనా, తడిసిన కోటుతో. బల్లని చూసి ఇద్దరూ ఆగిపోయారు.

"ఇదేంటండీ, ఎలకలు పడ్డాయా?" అంది మంత్రి.

"నేనే పడ్డానమ్మా. కూర్చోండి. ఇవాళ ఆలస్యమవుతుంది, పేర్లతో చదువుకుందాం, అందరినీ. ముందు ఇది. ఇతను మా ఊరివాడు, నా స్నేహితుడు. దీని గురించి నేను నోరెత్తను. ప్రభుత్వాన్ని వినాలని కదా రాసుంది, మీరు చెప్పండి, నేను వింటాను. వద్దంటే వద్దు."

"వద్దంటే నిజంగానే ఊరుకుంటారా?"

"ఊరుకుంటాను. బాధపడతాను, ఊరుకుంటాను."

ఫిలొమేనా కళ్లజోడు పెట్టుకుని నివేదిక చదివింది, తర్వాత ఉత్తరం, తర్వాత మళ్లీ ఉత్తరం. మిగిలిన ఫైళ్లలో ఆవిడ శాఖ అవుననో కాదనో రాసింది, దీని మీద మాత్రం 'అభిప్రాయం లేదు' అని రాసి వదిలేసింది. "ఈ దారాల సంగతేంటి?" అని అడిగింది. ఆబెల్ పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. వాష్కు పైకప్పు కేసి చూశాడు. ఆవిడ ఉత్తరం చివరి వాక్యం మీద వేలు పెట్టి మూడోసారి చదివింది.

"నాకు దారాలు తెలీవు," అంది చివరికి, "కానీ మొగుడు పోయిన మనిషి, వాణ్ని పిలిచి అన్నం పెట్టి తిడతానంటుంటే, అడ్డం పడటానికి ఈ ప్రభుత్వం ఎవరు? సరే అని రాసుకోండి. పక్కన నా సంతకం కూడా ఉండాలి కాబట్టి రేపు తిట్లలో సగం నావి."

ఆయన సంతకం పెట్టాడు, ఆవిడ పెట్టింది. కోడి కెలికినట్టుంటుందని గ్రాసిందా వెక్కిరించే సంతకం, ఇవాళ కోడి కూడా సిగ్గుపడేలా వచ్చింది. ఆబెల్ గడియారం చూసి వాష్కుతో వల్వెర్ద కాఫీకొట్టుకి ఫోను కలపమన్నాడు, దెవులిందకి ఫోను లేదు, ఊళ్లో ఎవరికి ఏం చెప్పాలన్నా ఆ కొట్టే.

"ఇంకా గెజిట్‌లో రాలేదండీ," అన్నాడు వాష్కు.

"గెజిట్ వచ్చేదాకా ఆగితే చేప నానదు వాష్కూ. ఇవాళే ఇరవై రెండు."

ఫోను బల్ల మీద, నల్లముక్కల మధ్య పెట్టారు. అవతల కప్పులు కడుగుతున్న చప్పుడు, కొట్టు యజమాని బెల్మీరు గొంతు. ఆబెల్ ఫోను మీదికి వంగాడు. "బెల్మీరూ, నేను ఆబెల్‌ని. పైకి పరుగెత్తి దెవులింద అక్కకి చెప్పు. రెండు దారాలు కట్టమను."

అవతల కప్పుల చప్పుడు ఆగింది.

"పొద్దున్నే కట్టేసిందండీ రెండూ. పసుపువి. నేనే అడిగా, రెండోది ఎవరికమ్మా అని. 'ప్రెసిడెంటు పేర్లు కప్పించుకుంటాడని పేపర్లో చూశా, అందుకే ఉత్తరంలో దారాల సంగతి రాశా. ఆబెల్‌కి ఇప్పుడు చదవడం వచ్చులేరా,' అంది."